అత్తయ్య మార్చుకోవాలనుకున్న స్కీలు

మా మేనత్త పోయిన కబురు నాకు ఆఫీసు పార్కింగ్ లాట్‌లో తెలిసింది. కారు ఆపి బ్యాగు తీసుకుంటూ ఉండగా కాలిఫోర్నియాలోని సన్నీవేల్ నుంచి బావ ఫోన్ చేశాడు. మాకు ఉదయం తొమ్మిదైతే వాళ్ళకింకా ఆరు. ఆ వేళకి ఎప్పుడూ చేయడు.

"అమ్మ లేవలేదు," అన్నాడు.

లేవకపోతే లేపు, అనబోయాను. ఆ తరవాత అతని ఊపిరి చప్పుడు వినిపించింది. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. చావు కబురు తెలుగులో ఎలా చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. "నిద్రలోనే. ఫేస్ చాలా పీస్‌ఫుల్‌గా ఉంది," అని మళ్ళీ తనే అన్నాడు. కారు తలుపు తెరిచి ఉందని అది గంట కొడుతూనే ఉంది. ఆ తలుపు వేయాలని కూడా నాకు తోచలేదు.

వర్జీనియాలో మా షాంటిలీ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో చాలామంది ఆవిణ్ణి ఎరుగుదురు. పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ముప్పై ఏళ్ళ పైన ఆసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేసిందని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. వంకాయ రంగు జాకెట్ ఆంటీ అంటే మాత్రం పిల్లలందరికీ తెలుసు. చలికాలం శనివారాల్లో పెన్సిల్వేనియా కొండమీద, మన పిల్లలు మంచులో పడి లేస్తుంటే, పక్కనుంచి నెమ్మదిగా, పెద్ద పెద్ద మలుపులు తిరుగుతూ దిగే పొట్టి మనిషి. ఆ జాకెట్ బావ హైస్కూల్లో ఉన్నప్పుడు కొన్నది. ఇప్పుడు బావ కొడుకు హైస్కూల్లో ఉన్నాడు.

ఆవిడకి మంచుమీద జారే ఈ స్కీయింగ్ ఎలా అబ్బిందని అందరూ అడిగేవారు. బాపట్ల నుంచి వచ్చి, న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరిందట. మొదటి చలికాలంలోనే ఆసుపత్రి బయట మంచుమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు కట్టిన నర్సు అడిగిందట, ఏటా ఐదు నెలలు దీన్ని చూసి భయపడుతూ బతుకుతావా, దీంతో స్నేహం చేస్తావా అని. చెయ్యి అతుక్కోగానే ఆ నర్సుతోనే కొండ ఎక్కింది. మామయ్య ఒక్కనాడూ ఆ పొడవాటి స్కీ పలకలు తొడగలేదు. కింద లాడ్జిలో కూర్చుని పేపరు చదువుకుంటూ, వచ్చేపోయేవాళ్ళకి "అదుగో, మా ఆవిడ" అని కిటికీలోంచి చూపించేవాడట. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పోయాక కూడా ఆవిడ ఒక్క చలికాలం మానలేదు.

మేము షాంటిలీకి మారిన ఏడు నన్నూ తీసుకెళ్ళింది. నాకు ముప్పై దాటాయి. "ముందు పడటం నేర్చుకోవే. దిగడం తరవాత నేర్చుకుందువుగాని," అని, చదునైన మంచుమీద పక్కకి ఎలా వాలాలో, పడ్డాక కాళ్ళెలా మడుచుకోవాలో ఒక పూటంతా చూపించింది. ఆ రోజు నేను పడని చోటు లేదు. దెబ్బ మాత్రం తగల్లేదు.

స్కీయింగ్ వచ్చీరాకముందే నాకు షోకులు వచ్చాయి. రెండేళ్ళకోసారి జాకెట్ మార్చేదాన్ని. ప్యాంటు, గ్లవ్స్, గాగుల్స్ రంగులు కలవాలి. ఫోటోల్లో పాత జాకెట్ మళ్ళీ కనిపిస్తే నాకెందుకో నామోషీగా ఉండేది. అత్తయ్య నన్నొక్క మాటా అనలేదు. తన పద్ధతి తనది.

ఆపరేషన్ థియేటర్లో మందు సీసా తెరిస్తే దానిమీద టేపు అంటించి తేదీ రాయాలి. ఆ అలవాటు ఇంటికి తెచ్చుకుంది. హెల్మెట్ లోపల, బూటు నాలుక వెనక, జాకెట్ కాలరు కింద, తెల్లటి టేపు ముక్కమీద కొన్న నెల, సంవత్సరం ఉండేవి. ఏప్రిల్‌లో మంచు కరిగాక ఒక ఆదివారం గరాజ్‌లో పాత దుప్పటి పరిచి అన్నీ దానిమీద పెట్టేది. స్కీల అడుగున మైనం కరిగించి ఇస్త్రీ చేసేది. దానికోసం వేరే పాత ఇస్త్రీ పెట్టె ఉండేది. జాకెట్‌ని ప్రత్యేకమైన సబ్బుతో ఉతికి, ఆరాక భుజంమీద చెంచాడు నీళ్ళు పోసేది. తామరాకు మీద నీళ్ళలా బొట్లు బొట్లుగా జారిపోతే ఇంకో ఏడు గ్యారంటీ. గుడ్డలోకి ఇంకితే మళ్ళీ తడి అంటని మందు పట్టించేది. జిప్పు రెండుసార్లు మార్పించింది, మోచేతుల దగ్గర అతుకులు వేసింది. సాక్సులు మాత్రం రెండు సీజన్లు దాటనిచ్చేది కాదు.

ఆవిణ్ణి పిసినారి అనుకున్నవాళ్ళున్నారు. కొన్నాళ్ళు నేనూ అనుకున్నాను. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు ఒక సంగతి జరిగి ఆ అభిప్రాయం పోయింది. ఆ రోజు అత్తయ్య గట్టిపడ్డ మంచుమీద జారి వెల్లకిలా పడింది. వెంటనే లేచింది, నవ్వింది, మాతోపాటు భోంచేసింది. హెల్మెట్‌కి వెనకాల చిన్న గీత తప్ప ఏమీ లేదు. కొని ఏడాది కూడా కాలేదు. మర్నాడు మేము వాళ్ళింటికి వెళ్ళేసరికి కత్తెర పెట్టి దాని పట్టీలు కోసేస్తోంది.

"అయ్యో, కొత్తది కదత్తయ్యా!"

"ఇది ఒక్క దెబ్బకేనే. ఆ దెబ్బ నిన్న తినేసింది. దీని పనైపోయింది."

"పారేసేదానికి పట్టీలు కోయడమెందుకు?"

"చెత్తలో ఎవరన్నా చూసి, బాగుందని పిల్లకి పెడితే?"

ఆ సాయంత్రమే కొత్తది కొనుక్కొచ్చుకుంది. "చూపుకి పాతదైతే ఏం పోయింది? పనికి పాతది కాకూడదు," అనేది. జాకెట్‌కి అతుకులు వేసిన చేయి, హెల్మెట్ విషయంలో ఒక్క రోజు ఆగలేదు.

ఇంతవరకూ చెప్పినవి ఆవిణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరైనా చెప్పగలరు. ఇక్కడినుంచి నేను మాత్రమే చెప్పగలిగినది ఉంది. నిజానికి దానికోసమే ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆవిడ పోవడానికి మూడేళ్ళ ముందు, సీజను మొదలవబోతుండగా, నేనూ అత్తయ్యా స్కీలు సరిచేయించడానికి ఒక షాపుకి వెళ్ళాం. మా ఆఫీసు స్నేహితులు నాలుగు కుటుంబాలతో కలిసి ఆ జనవరిలో మూడు రోజుల ట్రిప్ అనుకున్నాం. అత్తయ్యనీ రమ్మన్నాను. ఆవిడకప్పుడు డెబ్భై నాలుగు.

బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపుని బైండింగ్ అంటారు. మనిషి పడినప్పుడు అది సరైన సమయానికి వదిలేయాలి. వదలకపోతే మోకాలు పోతుంది. ఏటా దాన్ని మిషన్‌మీద పరీక్ష చేయించుకోవాలి. షాపులో గడ్డం అబ్బాయి అత్తయ్య స్కీలు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, కంప్యూటర్‌లో ఏదో వెతికి, మొహమాటంగా వెనక్కి పెట్టాడు. ఈ మోడల్‌ని కంపెనీ లిస్టులోంచి తీసేసింది, ఇక దీన్ని మేము సరిచేయకూడదు మేడమ్, అన్నాడు. బూటు మడమ దగ్గర వేలితో నొక్కి చూపించాడు. ప్లాస్టిక్‌లో వెంట్రుకంత తెల్లటి బీట. వాడినా వాడకపోయినా ప్లాస్టిక్కుకి వయసొస్తుంది, అన్నాడు.

ఆవిడ నొచ్చుకుంటుందని నేను అనుకున్నాను. ఆవిడ ఆ అబ్బాయికి థాంక్స్ చెప్పింది. "నువ్వు మంచి పని చేశావు. మా థియేటర్లోనూ ఇంతే," అంది ఇంగ్లీషులో. తరవాత ఆ బీటమీద బొటనవేలు ఒకసారి ఆనించి, నావైపు తిరిగింది.

"దీని పనైపోయిందే. అయితే ఈసారి అన్నీ మార్చేద్దాం. స్కీలు, బూట్లు, బైండింగులు, అన్నీ!"

ఆ మొహం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. గోడంతా వరసగా బూట్లు. వాటిని చూస్తూ, పట్టుచీరల కొట్లో కూర్చున్న పెళ్ళివారిలా మెరిసిపోతోంది. ఒక ఎర్రటి జత దగ్గరికి అప్పుడే రెండడుగులు వేసింది కూడా.

నేను టైము చూసుకున్నాను. మా అమ్మాయిని డాన్స్ క్లాసు నుంచి తీసుకురావాలి. బూట్లు కొలిచి అమర్చడమంటే గంటన్నర పని. అంతకుముందు చలికాలం ఆవిడ వేగం తగ్గడం గమనించాను. పడితే ఏమవుతుందోనన్న భయముంది. ఇవన్నీ నిజమే. దాచుకుంటే ఈ రాతకి అర్థం లేదు కనుక ఇంకొకటీ చెప్తాను. ఆ ట్రిప్‌లో మా స్నేహితులంతా పై కొండమీదికి వెళ్తుంటే నేను కింద ఆవిడతో ఉండిపోవాల్సి వస్తుందన్న విసుగు అప్పటికే నాలో ఉంది.

"ఇప్పుడెందుకత్తయ్యా అన్నీ కొత్తవి? ఇంకెన్నేళ్ళు చేస్తావు? కావాలంటే ఆ మూడు రోజులకీ రెంట్‌కి తీసుకుందాంలే."

ఆ అబ్బాయికి తెలుగు రాదు. ఐనా తల దించుకున్నాడు. ఆవిడ ఎర్ర బూట్ల దగ్గరినుంచి వెనక్కి వచ్చింది.

"అవున్లే," అంది. "పద, పిల్ల ఎదురు చూస్తుంది."

కార్లో మామూలుగానే మాట్లాడింది. చిక్కుడుకాయలు ఏ షాపులో లేతగా ఉంటున్నాయో చెప్పింది. ట్రిప్‌కి వచ్చింది గాని మోకాలు నొప్పిగా ఉందంది. రెంట్ బూట్లు తీసుకోలేదు. "ఊరందరి కాళ్ళకీ సరిపడేవి ఎవరి కాళ్ళకీ సరిపడవు," అని నవ్వేసి, లాడ్జిలో కిటికీ పక్కన కూర్చుని మా బ్యాగులకి కాపలా ఉంది. నేను స్నేహితులతో పైకి వెళ్ళాను. రోజంతా హాయిగా తిరిగాను. సాయంత్రం కిందికి వచ్చేసరికి అందరికీ ఫ్లాస్కులో టీ ఉంది. అత్తయ్యకి కూడా ఇదే సుఖంగా ఉందనుకున్నాను. మనకి అనుకూలమైనదాన్ని నమ్మడం ఎంత తేలికో!

ఆ చలికాలం అలాగే పోయింది. తరవాతి చలికాలమూ పోయింది. ఆవిడ అడగలేదు, నేను అడగలేదు. ఏప్రిల్‌లో గరాజ్‌లో దుప్పటి పరవలేదని కూడా నేను గమనించలేదు.

ఆపై అక్టోబరులో మా అమ్మాయికి కొత్త బూట్లు కావాల్సి వచ్చాయి. పదమూడేళ్ళ పిల్ల, పాదాలు ఏటా పెరుగుతున్నాయి. అత్తయ్యని అది అమ్మమ్మ అనే పిలిచేది. షాపుకి వెళ్తూ కార్లో అడిగింది.

"అమ్మమ్మకి కూడా బయ్ చేస్తున్నామా?"

"అమ్మమ్మ మానేసింది కదమ్మా."

"నో. మానేయలేదు. నువ్వు వద్దన్నావ్ అంట."

"ఎవరు చెప్పారు?"

"అమ్మమ్మే. నేను అడిగా, ఎందుకు రావట్లేదు అని. మీ అమ్మ కరెక్టే చెప్పింది, నా డేట్ అయిపోయింది, అంది. నవ్వింది. బట్ అమ్మా, అది ఫన్నీ కాదు."

నేను ఆ రోజు షాపుకి వెళ్ళలేదు. కారు తిప్పి అత్తయ్య ఇంటికి పోనిచ్చాను. ఆవిడ వంటింట్లో మెంతికూర కోసుకుంటోంది. మెంతులు పెరట్లో తొట్టిలో వేసుకునేది.

"అత్తయ్యా, పద. స్కీలు కొనుక్కుందాం."

"ఇప్పుడెందుకులే."

"పదమంటున్నానా!"

నా గొంతు ఎలా పలికిందో, చాకు పక్కన పెట్టి నన్నూ పిల్లనీ మార్చి మార్చి చూసింది. చేతులు కడుక్కుంది.

అదే షాపు. గడ్డం అబ్బాయి ఇప్పుడక్కడ లేడు. ఒక పెద్దావిడ అత్తయ్య పాదాలు కొలిచింది, ఆరు జతలు తొడిగి చూపించింది. ఎర్రవి దొరకలేదు. దొరికినవి నల్లవి. బూట్లు తొడుక్కుని షాపులోనే అరగంట నిలబడింది అత్తయ్య. మోకాళ్ళు వంచి ముందుకి వాలి, మడమ లేస్తోందా, వేళ్ళు ఇరుకవుతున్నాయా అని కళ్ళు మూసుకుని చూసుకుంది. "ఇవి ఇప్పుడు కొంచెం బిగుతుగానే ఉండాలి. లోపలి మెత్త నాలుగు సీజన్లకి గాని అణగదు," అని పిల్లకి చెప్పింది. నాలుగు సీజన్లు. ఆ మాట అంటూ నావైపు చూడలేదు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు. ఇంటికి వెళ్ళగానే టేపు ముక్కలు కత్తిరించి అన్నిటిమీదా తేదీ రాసింది.

ఆ ఏడు మంచు సరిగా పడలేదు. తరవాత ఆవిడకి జలుబు చేసి నెల్లాళ్ళు పట్టుకుంది. అన్నీ కుదిరి మేము వెళ్ళేసరికి మార్చి వచ్చింది. సీజను ఆఖరు వారం. నేను, అత్తయ్య, మా అమ్మాయి. స్నేహితులెవరినీ పిలవలేదు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాలుమీద మొదలుపెట్టాం. అక్కడ నేలమీదే నడిచే బెల్టు ఉంటుంది, దానిమీద నిలబడితే పైకి తీసుకెళ్తుంది. పైన నిలబడి ఆవిడ గాగుల్స్ సర్దుకుంది. కిందికి ఒకసారి చూసుకుని వదిలింది. మొదటి మలుపు తిరిగింది. రెండోది. మూడోది. అవే పెద్ద, నిదానమైన మలుపులు. పిల్ల "గో అమ్మమ్మా!" అని అరిచింది. నాలుగో మలుపులో తొడలు వణకడం వెనకనున్న నాకే కనిపించింది. ఆవిడ తెలివిగా పక్కకి వాలి, మంచులో కూర్చుండిపోయింది.

నేను పక్కకి వెళ్ళి ఆగాను.

"దెబ్బ తగిలిందా?"

"లేదే. కాళ్ళు మర్చిపోయాయి," అంది ఆయాసపడుతూ. "రెండేళ్ళు ఊరికే కూచున్నాను కదా."

దెప్పుడు మాట కాదది. ఒక డాక్టరు రోగికి కారణం చెప్పినట్టు చెప్పింది. నేను స్కీలు విప్పి ఆవిడ పక్కనే మంచులో కూర్చున్నాను.

"అత్తయ్యా, ఆ రోజు షాపులో నేను..."

"తెలుసులే. నేను పడతానని భయపడ్డావు."

"భయమొక్కటే కాదు."

"అదీ తెలుసులే," అంది.

అంతే. చేయి చాపింది, లేపమని. లేపాను. ఇంకో రెండుసార్లు దిగింది. ఒక్కో వాలుకి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి, "చాలు. వచ్చే ఏటికి కాళ్ళు తయారుచేసుకుని వస్తాను," అంది.

ఆ వేసవిలో బావ దగ్గరికి సన్నీవేల్ వెళ్ళింది. డిసెంబరుకి వచ్చేస్తానని టికెట్ కూడా చేయించుకుంది. నవంబరులో పోయింది.

కర్మకాండలకి వెళ్ళినప్పుడు బావ నన్ను వంటింట్లోకి పిలిచి, సింకు పక్కన గట్టు చూపించాడు. "డైలీ మార్నింగ్ ఇక్కడే. ఇలా పట్టుకుని, కుర్చీలోంచి లేచి కూచోవడం. ఫస్ట్ టెన్ కూడా చేయలేకపోయేది. లాస్ట్ వీక్ ఫార్టీ చేసింది. నేను అడిగాను, ఎందుకమ్మా ఇంత స్ట్రెయిన్ అని. స్నో పడేలోపు అవ్వాలి, అంది. షి వాజ్ సో హ్యాపీ, యు నో?"

అతను నన్ను ఓదార్చడానికే చెప్పాడు. ఆ రోజు షాపులో నేనన్న మాట అతనికి తెలియదు. ఆవిడ చెప్పలేదు. ఇప్పుడు ఇది చదివితే తెలుస్తుంది.

డెబ్భై నాలుగేళ్ళకి ఉన్న కాళ్ళు డెబ్భై ఆరుకి లేవు. ఆ రెండు చలికాలాలూ ఆవిడ కిటికీ పక్కన నా బ్యాగుకి కాపలాగానో, ఇంట్లోనో గడిపింది. ఇంకెన్నేళ్ళు చేస్తావు, అని అడిగాను. అడగకుండా ఉంటే మూడేళ్ళు చేసేది. లెక్క అంతే. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరైనా షాపులో ఏదో ఒకటి చూసి మొహం వెలిగించుకుంటే, దయచేసి టైము చూసుకోకండి.

ఆవిడ స్కీలు, బూట్లు బావ మాకే ఉంచుకోమన్నాడు. బూట్లు మా అమ్మాయికి సరిగ్గా సరిపోయాయి. తొడుక్కుని చూసి, విప్పేసి, "నెక్స్ట్ ఇయర్," అని అటక మీద పెట్టించింది.

ఆ మార్చి రోజు గురించి ఇంకొక్కటి ఉంది. దిగడం అయిపోయాక పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి, అందులోనే అంచుమీద కూర్చుంది అత్తయ్య. కొత్త బూట్లు నాచేత లాగించుకుంది. పొట్టి మనిషి కనుక కాళ్ళు నేలకి ఆనక గాలిలో ఊగుతున్నాయి. మడమలు రెండూ ఎర్రగా కమిలి ఉంటాయి. స్టీలు డబ్బాలోంచి పులిహోర ముద్దలు చేసి, ఒకటి పిల్లకి, ఒకటి నాకు, ఒకటి తనకి. వేళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి. తడిసిన సాక్సుల్లోంచి చలిగాలిలోకి సన్నగా ఆవిరి లేస్తోంది. పిల్ల అది చూసి, "అమ్మమ్మా, యువర్ ఫీట్ ఆర్ స్మోకింగ్!" అని పకపకా నవ్వింది. ఆవిడ వంగి తన పాదాలు చూసుకుంది. వేళ్ళు ఒకసారి విప్పింది, ముడిచింది. మళ్ళీ కొండవైపు తిరిగి, నోట్లో ముద్ద నములుతూ, ఆవిరి లేస్తున్న కాళ్ళు మెల్లగా ఊపుకుంటూ కూర్చుంది.